మాగ్నెట్ అడుగున గంధం

మాయాండి పెద్దయ్య చేయి తెగింది ఒక శుక్రవారం ఉదయం. దానికి కారణం నేను. ఈ రెండో వాక్యం బయటికి రావడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ రోజు డైరీలో "పెద్దయ్య చేతికి దెబ్బ. ఎండ ఎక్కువ" అని మాత్రం రాసి మూసేశాను.

మాది తమిళనాడులో పుదూరు పక్కన పల్లె. పదో తరగతి వరకు అక్కడే చదివి, పదకొండో తరగతి, అంటే ప్లస్ వన్ కోసం కోవిల్‌పట్టిలోని అప్పాసామి మామ ఇంటికి వచ్చాను. ఇంటి వెనకే మామ షెడ్డు. వేరుశనగ మిఠాయి చేసేవాళ్ళకు అక్కడ బల్లలు తయారవుతాయి. కాళ్ళు ఇనుము, పైన చెక్క. మాయాండి పెద్దయ్య ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఉన్నాడు. మామకు డ్రిల్లు పట్టడం నేర్పింది ఆయనే.

షెడ్డులో రెండు మాగ్నెట్లు ఉన్నాయి. సబ్బు కంటే కాస్త పెద్దవి, ఒక్కోదానికి పైన ఒక పిడి ఉంటుంది. మెషిన్ ఇనుప బల్ల మీద పెట్టి పిడిని అరచుట్టు తిప్పితే టక్‌మని బల్లను కరుచుకుంటాయి. వెనక్కి తిప్పితే వదిలేస్తాయి. రంధ్రం వేయాల్సిన ఇనుప పట్టీని ఈ రెంటికీ ఆనించి పెడితే, డ్రిల్లు తిరిగేటప్పుడు పట్టీ దానితోపాటు తిరగదు. చెక్క కోసేటప్పుడు రంపం బల్ల మీద కూడా చెక్క జరగకుండా వీటినే పెడతారు. ఇవి రాకముందు ప్రతిసారీ బోల్టులు బిగించి విప్పేవారట. మామ వీటిని కోయంబత్తూరు నుంచి తెచ్చినప్పుడు పెద్దయ్య నమ్మలేదని అత్త చెప్పింది.

"బోల్టు లేకుండా నిలుస్తాదా? పిల్లకాయలు ఆడుకునేదానికి ఇయ్యి" అన్నాడట. నేను వచ్చేనాటికి మాత్రం వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"చూడు పాపా, అరచుట్టు తిప్పితే దెయ్యం. మల్లా తిప్పితే రాయి. మీ అత్తకు కూడా ఇట్ల ఒక పిడి ఉండింటే మీ మామ బతికిపోయి ఉండును" అనేవాడు నాతో. ఆయన అలా అన్నప్పుడు నేను నవ్వేదాన్ని. ఆ షెడ్డులో నేను నవ్వేది ఆయన దగ్గరే.

ప్రతి శుక్రవారం మెషిన్లకు గంధం, కుంకుమ పెట్టడం నా పని. పది గంటలయ్యేసరికి చేతులు తగిలి, నూనె గుడ్డలు తగిలి బొట్లన్నీ చెరిగిపోయేవి. ఒక శుక్రవారం రాజమ్మాళ్ అత్త వచ్చి చూసి అందరి ముందూ అడిగింది.

"ఏమే నిరోషా, పెట్టినావా పెట్టలేదా? మీ ఊర్లో బొట్టు పెట్టేది కూడా నేర్పలేదా?"

పనివాళ్ళు నవ్వారు. పెట్టానని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

మరుసటి వారం గంధం చిక్కగా తీశాను. చేయి తగలని చోటు కోసం షెడ్డంతా వెతికాను. మాగ్నెట్లను తిరగేస్తే వాటి అడుగు నున్నగా, శుభ్రంగా కనిపించింది. అక్కడ ఎవరి చేయీ పడదు. ఒక్కోదానికి మూడు మందపాటి గంధం బొట్లు పెట్టి, మీద కుంకుమ అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు కదా అని సంతోషంగా కూడా ఉంది.

పెద్దయ్య వచ్చాడు. రెండు పిడులూ తిప్పాడు. టక్, టక్ అన్నాయి. ఎప్పటిలాగే అరచేత్తో ఒకసారి నెట్టి చూశాడు. కదలలేదు. నేను పక్కనే ఇనుప రజను ఊడుస్తున్నాను. పట్టీ పెట్టి డ్రిల్లు దించాడు. మొన పట్టీ అవతలికి తేలబోయే క్షణంలో డ్రిల్లు ఇనుమును కరిచింది. పట్టీ గిర్రున తిరిగి మాగ్నెట్‌ను నెట్టుకుంటూ వచ్చి, ఆయన ఎడమ బొటనవేలి మొదలు దగ్గర కోసేసింది.

మామ ఆయన చేతికి తువ్వాలు చుట్టి ఆటో కోసం పరిగెత్తాడు. అందరూ వెనకే వెళ్ళారు. షెడ్డులో నేనొక్కదాన్నే మిగిలాను. ఒక మాగ్నెట్ బల్ల అంచు దాకా జారి ఉంది. అది జారిన దారంతా పసుపు పొడి గీత. అప్పుడు అర్థమైంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య గంధం పొర ఉంటే దెయ్యానికి పట్టు దొరకదు. చేత్తో నెడితే నిలిచింది కానీ డ్రిల్లు బలానికి నిలవలేదు.

నేను పిడులు వెనక్కి తిప్పి, రెండు మాగ్నెట్లనూ ఎత్తి, కిరోసిన్ గుడ్డతో అడుగు తుడిచాను. బల్లనూ తుడిచాను. తిరిగి పెట్టేశాను. పిడులు మళ్ళీ తిప్పాలని నాకు తోచలేదు.

సాయంత్రం మామ వచ్చి బల్ల దగ్గర వంగి మాగ్నెట్ల పిడులు చూశాడు.

"తిప్పనే లేదు. రెండూ తిప్పలేదు" అన్నాడు అత్తతో. కోపంగా అనలేదు. "మొన్న కండ్లద్దాలు తల మీద పెట్టుకొని షెడ్డంతా వెతికినాడు. వయసైపోయ. ఇంక మెషిన్ కాడికి వద్దు. చెక్కకు ఉప్పుకాగితం రుద్దుకొంటా కూర్చోనీ."

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

కుట్లు వేయించిన తర్వాత ఆయన కూతురు జెయంతి అక్క వచ్చి ఆయన్ను విరుదునగరానికి తీసుకెళ్ళింది. మరుసటి వారం ఆదివారం అత్త, నేను చూడటానికి బయలుదేరాం. అత్త ద్రాక్షపళ్ళు కొంది. నా సంచిలో చేతిరుమాలు చుట్టిన మాగ్నెట్ ఉంది. ముందురోజు దాని అడుగున అదే గంధంతో మూడు బొట్లు పెట్టి ఆరబెట్టాను. మాటలతో చెప్పలేనని నాకు తెలుసు. సాత్తూరులో బస్సు ఆగినప్పుడు అత్త దోసకాయ ముక్కలు కొని ఇవ్వబోతే వద్దన్నాను. దారంతా నా వేళ్ళు సంచిలో పిడి మీదే ఉన్నాయి.

పెద్దయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కట్టు చేయి గుండెకు ఆనించుకున్నాడు.

"ఏమి పాపా, మన దెయ్యాలు రెండూ బాగుండాయా?" అన్నాడు.

తల ఊపాను. అత్తతో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గ్యాస్ పొయ్యి పిడి వంగి చూసి వచ్చి కూర్చున్నాడు.

"పొద్దున నుంచి ఇది ఆరోసారి" అంది జెయంతి అక్క. "నాయనా, నేను కట్టేసినానని చెప్తిని కదా."

"చెప్తివి. నేను చూడొద్దా?" అని అత్త వైపు తిరిగాడు. "పిడి తిప్పినట్లే అనిపిస్తా ఉండాది రాజమ్మా. కానీ తిప్పలేదని అప్పాసామి కంటితో చూసినాడు. వాడు అబద్దం చెప్పడు. అంటే నా తలకాయే చెడిపోయ. ఇంక దేన్ని నమ్మేది?"

నేను లేచి వంటింట్లోంచి ఇనుప దోసె పెనం తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టాను. రుమాలు విప్పి మాగ్నెట్ దాని మీద పెట్టి పిడి తిప్పాను. టక్‌మంది.

"ఏమే చేస్తా ఉండావు?" అంది అత్త.

అరచేత్తో మెల్లగా నెట్టాను. నిలిచింది. తర్వాత పిడికిలితో గట్టిగా కొట్టాను. మాగ్నెట్ పెనం అంచు దాకా జారిపోయింది. పిడి వెనక్కి తిప్పి, అడుగు రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టి తిప్పాను. ఈసారి ఎంత కొట్టినా నా చేయి నొప్పి పుట్టింది కానీ అది కదలలేదు.

పెద్దయ్య వంగి పెనం మీది పసుపు గీతను వేలితో తుడిచి వాసన చూశాడు.

"గంధం" అన్నాడు. వేలి కొన చూసుకుంటూ, "ఆ దినం శుక్రవారం" అన్నాడు.

"మీరు తిప్పితిరి పెద్దయ్యా. టక్‌మన్నది నేను వింటిని. తర్వాత నేనే వెనక్కి తిప్పి తుడిచేస్తిని."

అత్త చేయి లేచింది. పెద్దయ్య వద్దన్నట్టు కుడిచేయి అడ్డం పెట్టాడు. కానీ ఆయన నా వైపు చూడలేదు.

"జెయంతీ, వింటివా? నేను తిప్పితినంట" అన్నాడు. తర్వాత నాతో అన్నాడు. "చెయ్యి తెగింది పోనీ. తెలీక పెడితివి. ఈ పది దినాలు పిచ్చోడి మాదిరి పొయ్యి కాడికి లేసి లేసి పోతా ఉంటినే పాపా. నేను తిప్పినానని తెలిసే కదా ఊరకుంటివి?"

అవునని తల ఊపాను.

ఆయన జెయంతి అక్కతో మామకు ఫోను చేయించి నా చేతికి ఇప్పించాడు. బల్లలు ఆలస్యమయ్యాయని ఆ ఆదివారం కూడా షెడ్డు నడుస్తోంది. మెషిన్ హోరులో మామ గొంతు వినిపించింది.

"ఏమి, పెద్దాయన ఎట్లుండాడు?"

చెప్పాను. గంధం నుంచి కిరోసిన్ గుడ్డ దాకా అంతా. మామతో నేను ఒక్కసారిగా అంత మాట్లాడటం అదే మొదలు. మధ్యలో అవతల మెషిన్ ఆగిపోయింది. నేను ముగించాక మామ, "ఫోను ఆయనకియ్యి" అన్నాడు.

పెద్దయ్య చాలాసేపు వింటూ ఉన్నాడు. "ఊ... లేదులే... కట్టు విప్పినాక వస్తా. ఉప్పుకాగితం నువ్వే రుద్దుకో" అని ఫోను పెట్టేశాడు.

మాగ్నెట్ నాకు తిరిగి ఇవ్వలేదు. కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. మేము బయలుదేరేటప్పుడు, ఎప్పుడూ అనేలా "పోయిరా పాపా" అనలేదు. గడప దాటాక నేను వెనక్కి చూశాను. ఆయన వంటింటి వైపు చూస్తూ కుర్చీలోంచి సగం లేచాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళకుండానే మళ్ళీ కూర్చున్నాడు.