నిచ్చెనకి చ ఒత్తు

పెయింటరమ్మ చెయ్యి తిరిగిన మనిషి. నాన్న దగ్గర పదేళ్ల వయసులో కుంచె పట్టింది, యాభై దాటినా దించలేదు. ఆ పేటలో ఏ బోర్డు చూసినా అక్షరాల తలకట్టును బట్టే అది ఆవిడ చేతిదని చెప్పేసేవారు. ఎన్నికలొస్తే గంట గుర్తు గోడలన్నీ ఆవిడవే. డబ్బులిస్తారని మాత్రమే కాదు, ఆవిడ ఓటు కూడా గంటకే. వాళ్ల వీధికి కుళాయి వచ్చింది గంటవాళ్ల హయాంలోనే మరి.

ఆవిడ ప్రాణస్నేహితురాలు టైలరమ్మది నిచ్చెన గుర్తు. భర్త పనిచేసే మిల్లు మూతపడింది కూడా ఆ గంటవాళ్ల హయాంలోనే. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. రోజూ మధ్యాహ్నం టైలరమ్మ కొట్లో కుట్టుమిషన్ పక్కన కూర్చుని అన్నం తినేవారు. తింటూ పోట్లాడుకునేవారు.

"నీకు నీళ్లొచ్చాయి కాబట్టి మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినా పర్వాలేదంటావ్" అనేది టైలరమ్మ.

"మిల్లు మూసింది ఓనరు. మావాళ్లా?"

"ఆ ఓనరు ఎవరి కారెక్కి తిరిగాడో కూడా చెప్పు మరి."

అంతలో ఎవరో జాకెట్టు కొలతలకి వచ్చేవారు. గొడవ రేపటికి వాయిదా పడేది.

ఆ ఏడు ఎన్నికలకి టైలరమ్మ తన కొట్టు గోడ మీద తనే "నిచెన గుర్తుకే మన ఓటు" అని రాసుకుంది. పెయింటరమ్మ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"చకి ఒత్తు ఎగ్గొట్టావేంటే. మీ నిచ్చెనకి ఒక మెట్టు తక్కువైంది."

"తక్కువైనా ఎక్కుతాం. నువ్వు నోర్మూసుకుని తిను."

రెండు రోజుల తర్వాత గంట పార్టీ వార్డు నాయకుడు పెయింటరమ్మ పనిచేస్తున్న చోటికి వచ్చాడు. ఆవిడ కన్నా పదేళ్లు చిన్న. ఆవిడ కష్టం తెలిసినవాడే.

"అక్కా, ఆ టైలరమ్మ గోడ సరిగ్గా మలుపులో ఉంది. దాని మీద సున్నం కొట్టి మన గంట వేసెయ్. నీ స్నేహితురాలేగా, నువ్వు వేస్తే ఏమీ అనదు."

"ఏమీ అనదనే వెయ్యను తమ్ముడూ. గోడ దానిది. అది అడిగితే తుడుస్తా."

"నువ్వు మన మనిషివా, వాళ్ల మనిషివా?"

"మన మనిషినే. ఎక్కడ ఖాళీ గోడ చూపిస్తావో చూపించు, పొద్దుగూకే దాకా రాస్తా. ఆ గోడ జోలికి మాత్రం వెళ్లకండి."

అతను బండెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం పెయింటరమ్మ అన్నం డబ్బాతో కొట్టుకి వెళ్లేసరికి గోడంతా నల్లరంగు కారుతోంది. టైలరమ్మ చేతిలో కత్తెరతోనే గుమ్మంలో నిలబడి చూస్తోంది. కింద పడి ఉన్న రంగుడబ్బా పెయింటరమ్మదే. పొద్దున పార్టీ ఆఫీసులో వదిలి వచ్చిన డబ్బా. దాన్ని చూడగానే ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"నేను కాదే" అంది.

"నువ్వు కాదని నాకు తెలీదా. నువ్వైతే ఇలా ఒలకబోస్తావా."

పెయింటరమ్మ ఇంక అన్నం మాట ఎత్తలేదు. టర్పెంటైన్ తెచ్చి, గుడ్డలు తెచ్చి, సాయంత్రం దాకా గోడ తోమింది. తెల్లరంగు రెండు పూతలు వేసింది. మర్నాడు పొద్దున్నే నిచ్చెన గోడకి ఆనించి, కుంచె నీలంలో ముంచింది.

"వద్దే. నీ పని పోతుంది" అంది టైలరమ్మ కింద నుంచి.

"పోతే పోనీ. ఏం రాయాలో చెప్పు. అభిప్రాయం నీది, ఒత్తులు నావి."

వీధిలో జనం చేరారు. గంట పార్టీ పెయింటరమ్మ నిచ్చెన గుర్తు రాస్తోందన్న కబురు క్షణంలో పాకింది. చ కింద ఒత్తు నిండుగా తిప్పుతుండగా వార్డు నాయకుడు బండి దిగాడు.

"ఏమ్మా, ఏంటిది?" అక్క పిలుపు పోయింది.

ఆవిడ దిగలేదు. అక్షరం పూర్తిచేసి, కుంచె డబ్బా అంచుకి రాచి, అప్పుడు తిరిగింది.

"నా ఓటు గంటకే. అది నువ్వు చెప్తే వెయ్యట్లేదు, నువ్వు వద్దన్నా మానను. కానీ నా డబ్బా రంగుతో నా స్నేహితురాలి నోరు మూయిస్తే నేనూరుకోను. ఇంకోసారి నలుపు పోస్తే ఇంకోసారి రాస్తా. ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో."

"రేపట్నించి నీకు ఒక్క గోడ కూడా ఉండదు."

"సరే."

అన్నంత పనీ చేశాడు. మిగిలిన గోడలు ఎక్కడి నుంచో తెచ్చిన మనిషికి ఇచ్చారు. టైలరమ్మ గోడ మీద మాత్రం మళ్లీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వారం తిరక్కుండానే నిచ్చెనవాళ్లు పెయింటరమ్మ ఇంటికి వచ్చారు, తమ గోడలన్నీ రాసిపెట్టమని.

"మీకెందుకు రాస్తాను? నేను రాసింది దానికి" అని వాకిట్లోనే పంపించేసింది.

ఆ సంగతి విని టైలరమ్మ మూతి ముడుచుకుంది. "చేతిలో పని లేదు, ఇంకా ఆ పంతమేంటే నీకు?"

"నీకుంటే నమ్మకం, నాకుంటే పంతమా?"

టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

గంటే గెలిచింది. లెక్కింపు అయిన సాయంత్రం పెయింటరమ్మ కొట్టుకి వెళ్తే సగం తలుపు వేసి ఉంది.

"ఇవాళ నీ మొహం చూడబుద్ధి కావట్లేదు. రేపు రా" అంది లోపలినుంచి టైలరమ్మ.

"సరే, రేపొస్తా. నేను ఊరేగింపుకి వెళ్తున్నా మరి. దాచి చెప్పను."

"వెళ్లు. దాచినా నాకు తెలీదా."

ఊరేగింపు మలుపు తిరుగుతోంది. ముందు వరసలో దండలు వేసుకున్న వార్డు నాయకుడు ఆవిడని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. వెనక్కి పొమ్మన్నట్టు ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు. పెయింటరమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకి జరిపి, కొంగు నడుముకి బిగించి, ముందు వరసలోకే వెళ్లి అతని పక్కన నడిచింది.