కామెంట్ల పెట్టె

మా అత్తగారు కుట్లూ అల్లికల బ్లాగు మొదలుపెట్టాక నా వంటింటికి స్వాతంత్ర్యం వచ్చింది. అయితే ఆవిడ ఆడపడుచు రోజూ "వదినా, కుట్టు వంకరపోయింది" అని కామెంటు పెట్టేది.

"ఈ బ్లాగు మూసేస్తానే అమ్మాయ్" అన్నారు అత్తగారు. నా గుండెల్లో రాయి పడింది.

ఆవిడ రోజూ తెరిచే బ్లాగు డాష్‌బోర్డుకి కొత్త రంగులు వేస్తానని కూర్చుని, కామెంట్లు కనబడే పెట్టెను దాచేశాను.

"చూశావా, నా దెబ్బకి మా ఆడపడుచు నోరు మూసుకుంది!" అని రెండు రోజులు మురిసిపోయారు. పోట్లాడే మనిషి లేక, మూడోరోజు తోచక వంటింట్లో నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఉల్లిపాయ తరగడం ఇలాగేనా?"

చేతులు తుడుచుకుని వెళ్లి, కామెంట్ల పెట్టెను అన్నిటికన్నా పైన, ఎర్రరంగులో పెట్టాను.