నలభై శాతం

మా గేటు పక్క గోడకి ఒక నల్లబల్ల ఉంది. బడి పాత భవనం కూల్చినప్పుడు అడిగి తెచ్చుకున్నాను. జూన్ నుంచి నవంబరు దాకా రోజూ పొద్దున్నే దాని మీద సుద్దతో ఒక అంకె వేస్తాను. ఆ నెలల్లో ఆఫ్రికా తీరం నుంచి గాలి అలలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరి సముద్రం దాటి మా వైపు వస్తాయి. చాలావాటికి పేరు కూడా ఉండదు. నాలుగు చినుకులు రాల్చి పోతాయి. కొన్ని మాత్రం దారిలో సుడి తిరిగి, వాయుగుండమై, హరికేన్ అనే పెనుతుఫానై మా దీవుల మీద పడతాయి. ఏది ఏమవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. బలపడే అవకాశం ఇంత శాతమని వాతావరణ కేంద్రం వాళ్ళు ప్రకటిస్తారు. నేను బల్ల మీద వేసేది ఆ శాతమే.

నా భార్య హేజెల్ ఉన్నన్నాళ్ళూ అంకె పక్కన పిల్లి బొమ్మ వేసేది. ఇరవై లోపైతే పడుకున్న పిల్లి. ఆపైన లేచి కూర్చున్న పిల్లి. ఆవిడ పోయాక ఉత్త అంకే మిగిలింది. చేపలమ్మే ఎనిడ్ ఒకసారి, "పిల్లి ఎటు పోయింది మాస్టారూ?" అని అడిగేసి నాలుక కరుచుకుంది. నాకు బాధ వేయలేదు. ఆ పిల్లిని ఇంకొకరు కూడా గుర్తుపెట్టుకున్నారని సంతోషించాను.

ఆ ఆగస్టులో సముద్రం మీద ఎప్పుడు చూసినా రెండు మూడు అలలు ఉండేవి. ఒక ఆదివారం ఎనిడ్ తల్లి లియోటా చనిపోయింది. ముసలిది, చాలాకాలంగా మంచంలో ఉంది. నిద్రలోనే పోయింది. అది ఆమెకు దక్కిన మేలు.

మా దీవిలో తల్లి మీద మొదటి పిడికెడు మట్టి కొడుకు వేయాలి. కొడుకు ఏ రేవులో ఉన్నా అతను వచ్చేదాకా శవాన్ని ఉంచుతారు. లియోటాకు ఒక్కడే కొడుకు, కాల్డన్. తెరచాప పడవ మీద ట్రినిడాడ్‌కీ మాకూ మధ్య సరుకులు తిప్పుతాడు. కబురు అందేసరికి ట్రినిడాడ్‌లోనే ఉన్నాడు. చేపల గిడ్డంగి వాళ్ళు అడగకుండానే మంచు దిమ్మలు మోసుకొచ్చి ఎనిడ్ ఇంటి ముందు దించి, డబ్బు మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు.

సోమవారం బల్ల మీద ఇరవై వేశాను. మంగళవారం పొద్దున వాతావరణ కేంద్రం పటంలో ఆ అలని చూపే పసుపు మచ్చ నారింజ రంగుకి తిరిగింది. నలభై. అల బుధవారం రాత్రికి మా దగ్గరికి వస్తుందని అంచనా. కాల్డన్ బుధవారం తెల్లవారుజామున తెరచాప ఎత్తుతాడు. అంటే రెండూ ఒకే నీళ్ళలో కలుసుకుంటాయి.

ఎనిడ్ ఫోను చెవిన పెట్టుకునే నా గేటు దగ్గరికి వచ్చింది. వెనకాలే బెథెల్. పడవలు తయారుచేసేదీ, శవపేటికలు చేసేదీ అతనే.

"నా మాట వినరా కాల్డన్. మాస్టారి బల్ల మీద నలభై ఉంది" అంటోంది.

ఫోనులో అతని గొంతు నాకూ వినిపించింది. "నలభై ఒక లెక్కా అక్కా? మొన్న అరవై అన్నది ఏమైంది? గొడుగు కూడా తడవలేదు. అమ్మ పెట్టెకి దేవదారు చెక్క కొన్నాను. తీసుకొస్తున్నా. నేనొచ్చేదాకా అమ్మని కదిపావో, చూడు మరి."

"పడవ అక్కడే కట్టేసి విమానంలో రాకూడదూ?"

"విమానం గ్రెనడా దాకేగా. అక్కణ్ణుంచి మనకి ఫెర్రీ ఆపేశారు. ఈదుకుంటూ రానా?"

ఫోను పెట్టేశాడు. ఎనిడ్ బల్ల వైపు చూసింది.

"మాస్టారూ, అది వస్తుందా రాదా? ఒక్క మాట చెప్పండి."

"చెప్పలేనమ్మా. ఇలాంటి అలలు పది వస్తే నాలుగు బలపడతాయి, ఆరు పోతాయి. ఇది ఆ నాలుగులో ఉందో ఆరులో ఉందో ఎవరికీ తెలియదు."

ఆమె గేటు పట్టుకుంది. "బుట్టలో పది బరాకూడా చేపలు ఉన్నాయనుకోండి. నాలుగింటికి విషం ఎక్కిందని తెలిస్తే నేను మిగతా ఆరు అమ్ముతానా? బుట్ట మొత్తం సముద్రంలో పారబోస్తాను." గొంతు తగ్గించింది. "అమ్మ మట్టి పైన ఉన్నంతసేపూ వాడు ఆగడు. అమ్మ మట్టిలోకి వెళ్ళిపోతే ఇక పరుగెత్తుకు రావడానికి వాడికేం ఉంటుంది?"

ఆమె ఏమంటోందో నాకూ బెథెల్‌కీ ఒకేసారి అర్థమైంది.

"పాతేశామని ఊరికే చెప్పేస్తే సరిపోదా పిల్లా?" అన్నాడు బెథెల్. "అల పోయాక వాడొస్తాడు, అప్పుడు నిజంగా పాతిపెడదాం."

"వాడు నమ్మడు మావా. మట్టి పడే చప్పుడు వినిపించమంటాడు. చిన్నప్పుడు కోడి గుడ్డు పెట్టిందంటే కోడిని కూడా అడిగొచ్చేవాడు."

బెథెల్ నవ్వబోయి ఆపుకున్నాడు. తర్వాత తల గోక్కుంటూ, "చెక్క లేదే" అన్నాడు. ఉన్న ప్లైవుడ్ అంతా జనం కిటికీలకు బిగించేస్తున్నారు. దుకాణంలో ముక్క మిగల్లేదు.

ఎనిడ్ తన కిటికీ చెక్కలు మొత్తం ఇచ్చింది. అవి చాలలేదు. నేను వెళ్ళి మా వంటింటి కిటికీ చెక్కలు రెండూ తెచ్చాను. ఏది ఎక్కడ బిగించాలో తెలిసేలా వాటి మీద హేజెల్ నీలం రంగుతో రాసింది: వంటిల్లు, ఎడమ, వంటిల్లు, కుడి. బెథెల్ వాటిని తిరగేసి చూసి, "ఈ రాత లోపలికా బయటికా మాస్టారూ?" అని అడిగాడు.

"లోపలికి" అన్నాను.

"మంచిది. లియోటా చదువుకుంటూ పోతుంది. మీ ఆవిడకీ ఆమెకీ మాటలంటే ఎప్పుడూ ఆకలే కదా."

ఆ మధ్యాహ్నమే పాతిపెట్టాం. వచ్చినవాళ్ళు తక్కువ. రాని వాళ్ళు ఎందుకు రాలేదో ఎనిడ్‌కు తెలుసు. కొడుకు చెయ్యి లేకుండా తల్లిని సాగనంపుతున్న కూతురి పక్కన నిలబడడానికి చాలామందికి మనసొప్పలేదు. పాస్టరు కూడా ప్రార్థన త్వరగా ముగించాడు. పెట్టె గోతిలోకి దిగాక ఎనిడ్ తమ్ముడికి ఫోను చేసింది.

"అమ్మని దించాం రా."

"అబద్ధం. నన్ను ఆపడానికి చెబుతున్నావు."

ఆమె వంగి, ఫోనుని ఒక చేత్తో గోతి మీద పట్టుకుని, రెండో చేత్తో మట్టి తీసింది. మొదటి పిడికెడు ప్లైవుడ్ మీద పడి బోలుగా మోగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత బెథెల్ పార అందుకున్నాడు. అప్పటిదాకా వీచిన గాలి ఆ కాసేపు పడిపోయింది. ఒక్కొక్క మట్టిపెళ్ళ పడడం స్పష్టంగా వినిపించింది. అతను ఫోను పెట్టేయలేదు. గోయి నిండేదాకా విన్నాడు.

కాల్డన్ తెరచాప ఎత్తలేదు.

బుధవారం రాత్రి వాన పడింది. మామూలు వాన. గురువారం పొద్దున పటంలో మచ్చ లేదు. నేను బల్ల మీద సున్న వేశాను. దాన్ని వేయడానికి అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

శుక్రవారం సముద్రం అద్దంలా ఉంది. కాల్డన్ పడవ రేవులోకి వచ్చింది. దేవదారు చెక్కలు ఒడ్డున దించి, సమాధి దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా నా గేటుకి వచ్చాడు. మోకాళ్ళకి మట్టి ఉంది.

"ఎక్కడ మాస్టారూ మీ హరికేన్?"

"రాలేదు నాయనా. ఆఫ్రికా ఎడారి నుంచి లేచిన దుమ్ము అడ్డం పడింది. అల ఎండిపోయి విడిపోయింది."

"దుమ్మా?" అన్నాడు. "నలభై అంటే అరవై పాళ్ళు ఏమీ కాదనే కదా. ఆ అరవై మా అక్కకి చెప్పారా?"

"చెప్పాను."

అతను నా మొహంలో ఏదో వెతికాడు. నేను తప్పు చేశానని ఒప్పుకుంటే అతనికి తేలికయ్యేదేమో. ఒప్పుకోవడానికి నా దగ్గర తప్పు లేదు.

ఎనిడ్ గిన్నెలో బఠాణీల పులుసు, మొక్కజొన్న ముద్ద పట్టుకుని వచ్చింది. "ఎప్పుడు తిన్నావో ఏమో. తిను ముందు."

"నీ చేపల లెక్క బెథెల్ మావ చెప్పాడు" అన్నాడు గిన్నె ముట్టుకోకుండా. "నువ్వు పారబోసింది బుట్ట కాదు. అమ్మని."

"బతికున్నావు. నాకది చాలు."

"ఎలాగూ బతికే ఉండేవాణ్ణి."

రాని గాలిని ఎవరు చూపించగలరు? ఎనిడ్ గిన్నె గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. పులుసు చల్లారేదాకా అతను అక్కడే నిలబడి, తినకుండానే వెళ్ళాడు.

ఆ తర్వాత అతను ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. పడవలోనే పడుకునేవాడు. దేవదారు చెక్కలు బెథెల్ షెడ్డులో ఉండిపోయాయి. బెథెల్ కొంటానన్నా అమ్మలేదు. సంతలో ఎనిడ్ దగ్గర చేపలు కొనేవాళ్ళు తగ్గారు. కొన్నవాళ్ళు కూడా ఆమె కళ్ళలోకి చూసేవారు కాదు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, బల్ల చూసి, తలూపి వెళ్ళేది.

సెప్టెంబరులో ఇంకో అల బయల్దేరింది. ముప్ఫై. మర్నాడు యాభై. ఈసారి గాలిలో దుమ్ము లేదు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. మూడో రోజు పొద్దున మచ్చ ఎర్రబడింది. నేను ఎనభై వేసి, చేతికంటిన సుద్ద తుడుచుకుంటూ ఎనిడ్ ఇంటి వైపు చూశాను. కిటికీలన్నీ ఖాళీ. చెక్కలు ఆమె తల్లితో పాటే వెళ్ళిపోయాయి.

అంతలో కాల్డన్ చెక్కలు భుజాన వేసుకుని ఎదురుగా వచ్చాడు. నా దగ్గర ఆగి, రెండు తీసి గోడకి ఆనించాడు.

"మీ వంటింటికి. ముందు అక్కడ పట్టుకోవడానికి రండి."

ఎనిడ్ ఇంటి కిటికీలు ఒక్కొక్కటే మూశాడు. నేను చెక్క పట్టుకున్నాను, అతను మేకులు దించాడు. లోపల ఆమె గది మధ్యలో కుర్చీ మీద కూర్చుని ఉంది. చెక్క పడుతున్నకొద్దీ గది చీకటి పడుతోంది. దేవదారు వాసన నిండుతోంది. చివరి కిటికీకి ఇంత సందు మిగిలినప్పుడు లేచి వచ్చి దగ్గర నిలబడింది.

"కాల్డన్" అంది.

"వెనక్కి జరుగు. మేకు దిగుతుంది."

అన్ని వారాల్లో అతను ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె జరిగింది. సందు మూసుకుంది.

సుత్తి నడుముకి దోపుకుని రేవు వైపు నడిచాడు. పడవని మడచెట్ల మధ్యకి తీసుకెళ్ళి కట్టాలి, అదీ గాలి మొదలవకముందే. తూర్పున ఆకాశం కమిలిన గాయంలా ఉంది.

"కట్టేసి ఇంటికొచ్చెయ్! పడవలో ఉండొద్దు!" మూసిన చెక్కల వెనక నుంచి ఎనిడ్ అరిచింది.

అతను వెనక్కి తిరగలేదు. నడుస్తూనే ఒక చెయ్యి పైకెత్తాడు. అది ఆమెకు కనిపించదు కాబట్టి, చెయ్యెత్తాడమ్మా అని నేనే చెక్కకి దగ్గరగా వంగి చెప్పాను.