కొలతల పుస్తకం

యంత్రం మొరాయిస్తే మెకానిక్కు కోసం పరుగెత్తుతాం. ఒళ్ళు మొరాయిస్తే 'అదే సర్దుకుంటుందిలే' అంటాం. మార్కెట్ వెనక వీధిలో కుట్టు దుకాణం నడిపే దర్జీ ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాడు. వీధివాళ్ళు ఆయన్ను 'టేపు మామయ్య' అంటారు. మెడలో టేపు లేకపోతే ఆయన్ను భార్య కూడా గుర్తుపట్టదని వేళాకోళం.

నాలుగు నెలలుగా ఆయనకు మనశ్శాంతి లేదు. కుట్టు వంకర పోతోంది. కాలరు మలుపు దగ్గర ఆపుదామంటే మిషను ఆగకుండా సూది రెండు పోట్లు ముందుకు దూకుతోంది. బెల్టు మార్చాడు, నూనె పోశాడు, చక్రం విప్పించి మళ్ళీ బిగించాడు. ఎన్ని చేసినా అదే తంతు.

ఒకరోజు ఉదయం నర్సమ్మ తన తెల్లకోటు పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం కనుక్కోవడం ఆమె ఉద్యోగం. రెండుసార్లు ఈ వీధి మొదట్లో బల్ల వేసుకుని అందరికీ ఉచితంగా షుగరు పరీక్ష చేసింది. రెండుసార్లూ మామయ్య "లేని రోగాన్ని వెతికి తెచ్చుకోవడం దేనికమ్మా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"మామయ్యా, ఇది వేసుకుంటే జేబు ఒక దారి, నేనొక దారి పోతున్నాం. కాస్త చూడండి."

"మిషను పాడైందమ్మా."

మూలన కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అందుకుంది. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నాలుగు నెలల్నుంచీ ఇదే పాట."

"ఏదీ, లే నాన్నా, నేను చూస్తాను" అంటూ పక్క మిషను మీద కుడుతున్న కొడుకు లేచి వచ్చి, తండ్రి మిషను ముందు కూర్చుని గుడ్డముక్క మీద ఒక వరస కుట్టాడు. గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. ఆగమన్నచోట మిషను ఆగింది. మామయ్య మొహం చిన్నబోయింది.

నర్సమ్మ చూపు ఆయన పాదాల మీదికి వెళ్ళింది. దుకాణంలో ఆయన ఎప్పుడూ చెప్పులు వేసుకోడు. చెప్పులుంటే పెడలు సంగతి కాలికి తెలియదని ఆయన నమ్మకం. కుడిపాదం అంచున ఏదో తళుక్కుమంది.

"మామయ్యా, మీ కాలికి గుండుసూది గుచ్చుకుని ఉంది."

"ఎక్కడ?" అన్నాడాయన.

ఆ ఒక్క మాటకు నర్సమ్మ మొహంలో నవ్వు మాయమవడం ఆయన చూశాడు. ఆమె ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. చిటికెన వేలి చుట్టూ చర్మం నల్లబడి, కింద పుండు పడింది. బిరుసైన దారం ముక్క ఒకటి తీసుకుని, "కళ్ళు మూసుకోండి. దారం తగిలినప్పుడల్లా చెప్పండి" అంది.

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

"ఏడుసార్లు ముట్టుకున్నాను మామయ్యా."

కాజాలు కుట్టే చెయ్యి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. షుగరు ఏళ్ళ తరబడి ఒంట్లో కాపురం పెట్టి కాలిలో స్పర్శను తినేసింది. పుండు ఎముక దాకా పాకిందని, పాదమే తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. కాలితో మిషను తొక్కి బతికేవాడికి పాదం పోతే ఏం మిగులుతుంది? టేపు మామయ్య ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ దుప్పటి కింద మిషను తొక్కుతున్నట్టు కాలు ఆడిస్తూనే గడిపాడు. చివరికి చిటికెన వేలు పోయింది, పాదం దక్కింది.

ఇంటికి వచ్చాక నర్సమ్మే వచ్చి కట్టు మార్చేది. ఒకరోజు ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఇదంతా ముందే ఆపే దారి లేకపోయిందా?"

"ఒకటి కాదు, ఉన్నాయి" అంది ఆమె, పాత గుడ్డ విప్పుతూ. "అసలు రోగమే రాకుండా తిండి, నడక చూసుకోవడం మొదటిది. అది దాటిపోతే, వచ్చిందేమోనని ముందే వెతికి మొగ్గలోనే పట్టుకోవడం. నేను బల్ల వేసింది అందుకే. అదీ దాటిపోయిందా, ఇక ఉన్నది ఊడకుండా కాపాడుకోవాలి. మనమిప్పుడు చేస్తున్నది అదే. రోజూ పాదాలు చూసుకోండి. చెప్పులు లేకుండా అడుగు వెయ్యకండి."

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను" అన్నాడాయన.

ఆ రోజే ఆమె మామయ్య భార్యకూ కొడుక్కూ పరీక్ష చేసింది. భార్యకు షుగరు అప్పుడప్పుడే మొదలవుతోంది. దొరకాల్సిన సమయంలో దొరికిందని నర్సమ్మ ధైర్యం చెప్పింది. కొడుక్కి ఏమీ లేదు. "కానీ నడుము చూసుకో బాబూ" అంది.

నడుము అనగానే మామయ్యకు ఏదో తట్టింది. తన కొలతల పుస్తకం తెప్పించుకున్నాడు. కొడుకు పేజీలో నడుము ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఏడు. వీధిలోని బస్సు డ్రైవరుదీ అలాగే పెరుగుతూ వచ్చింది. బడి మాస్టారుదీ అంతే. వీధి ఆరోగ్యమంతా ఇరవై ఏళ్ళుగా తన చేతిరాతలోనే ఉంది! ప్రతిసారీ 'ఒళ్ళు చేశారు, సంతోషం' అంటూ లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుట్టి పంపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిరిగి దుకాణం తెరిచిన రోజున గుమ్మం పక్కనే నర్సమ్మ బల్లకు చోటిచ్చాడు. బస్సు డ్రైవరు ప్యాంటు వదులు చేయించుకోవడానికి వచ్చాడు. మామయ్య టేపు పెట్టి చూసి, పుస్తకం తిప్పి, "ముందు ఆ బల్ల దగ్గరికి వెళ్ళిరా" అన్నాడు.

"నాకేం రోగం? ఇంతకీ నువ్వు దర్జీవా, డాక్టరువా?" అని డ్రైవరు విసుక్కున్నాడు.

మామయ్య చెప్పు విప్పి, నాలుగు వేళ్ళ పాదాన్ని స్టూలు మీద పెట్టాడు.

"ప్యాంటు బిగువైతే వదులు చెయ్యడానికి లోపల గుడ్డ మిగిల్చి కుడతాను నాయనా. ఒంటిని అలా మిగిల్చి కుట్టినవాడు ఎవడూ లేడు. రోగం లేదనుకునే రోజునే వెళ్ళి చూపించుకో."