నడుము వాల్చిన చోటు

పదకొండేళ్లుగా కుట్టుమిషన్ మీద వంగి వంగి అక్క నడుము పట్టేసింది. జిమ్‌లో చేరమని డాక్టరు చెప్పాడు. సాయంత్రం దర్జీ దుకాణం కట్టేశాక చెల్లెలు ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరింది.

మొదటి జిమ్‌లో ఎన్ని కిలోలు తగ్గాలని అడిగారు. రెండోది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఇంకోచోట శిక్షకురాలు ఆమె ముఖం చూసి, "ఇవాళ్టికి బరువులేం వద్దమ్మా. ఈ చాప మీద వెల్లకిలా పడుకుని మెల్లగా ఊపిరి తీసుకోండి, చాలు," అంది.

ఆమె పడుకుంది. కాసేపటికి గురక వినిపించింది. ఎవరూ లేపలేదు.

అరగంట తర్వాత తనే లేచి, చేరడానికి ఫారం అడిగింది.

"పడుకోవడానికి జిమ్ ఎందుకక్కా?" అని చెల్లెలు నవ్వింది.

"ఇంట్లో నడుము వాల్చగానే ఎవరో ఒకరు పిలుస్తారే," అంటూ ఆమె సంతకం పెట్టింది.