కదలని గుర్రం చుట్టూ ఆంగా దేవుడు

బస్తర్ రాజుల కాలంలో కొంటా నుంచి అడవి సంతలకు ఉప్పు మోసే గుర్రం ఒకటి భూషణానికి ఉండేది. భార్య దుర్గమ్మ పోయాక అతనితో పేచీ పెట్టుకునే ప్రాణి అదొక్కటే.

దారిలో ఒక పల్లెలో మామిడి పండుగ అడ్డొచ్చింది. పండుగ ముగిసేదాకా మనిషే కాదు, పశువు కూడా పని చేయకూడదు. కట్టేసిన గుర్రానికి భూషణం రోజూ పెట్టేదానికంటే ఎక్కువే ఉలవలు పెట్టాడు. పండుగ కదా, పాపం అనుకున్నాడు.

పండుగ ముగిసిన ఉదయం మూటలెత్తి బయలుదేరితే, ఊరు దాటకముందే గుర్రం కొయ్యబారి నిలబడిపోయింది. ఒళ్లంతా చెమట.

ఊరి పటేలు మాసా వచ్చాడు. "దేవునికి చెప్పకుండ ఎల్లినవ్, సాహుకారూ. దేవుని గుడిసె చుట్టూ తిప్పు, కోపం దిగుతది."

భూషణం మూటలు దించి గుర్రం పిర్ర మీద చెయ్యి వేశాడు. కండ చెక్కలా బిగుసుకుపోయింది. కడుపునొప్పైతే పొర్లేది, పొట్టకేసి చూసుకునేది. ఇది ఆ రెండూ చేయలేదు. ఇంతలో ఉచ్చ పోసింది, చింతపండు పులుసు రంగులో. పని లేని తిండి, ఆపైన ఒక్కసారిగా బరువు. లోపల కండ చితుకుతోంది.

"నడిపిస్తే సస్తది, పటేలా."

"నడిపియ్యకుంటే ఇగ ఈ దారిన రాకు."

"మీ దేవుడు పెండ్లిళ్లకు పోతడు, కోడిదొంగను పట్టనీకె పక్కూరికి పోతడు. ఇంత దూరం వచ్చి దీని చుట్టూ తిరగడా ఏంది?"

చుట్టూ చేరిన ఊరివాళ్లు నోళ్లు తెరిచారు. ఆంగా అంటే దుంగలతో కట్టిన దేవుడు. నలుగురి భుజాలెక్కి ఊరూరా తిరగడం ఆయనకు అలవాటే. మాసా తల గోక్కున్నాడు.

"వస్తడు. సారా లేకుంటే మాత్రం కదలడు."

"పోయిస్తా. గుర్రానికి మాత్రం నీళ్లే."

దేవుడు ఊగుతూ వచ్చాడు. సారా రుచించినట్టుంది, పొద్దుగూకేదాకా గుర్రం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నడుమ భూషణం గుర్రం నడుం మీద గొంగడి కప్పి, నీళ్లు పట్టి, గడ్డి వేసి, ఉలవల సంచి దాచేశాడు. "నువ్వు గూడ పోతవా, అమ్మీ?" అని దాని చెవిలో అడిగాడు.

తెల్లవారేసరికి ఉచ్చ తేటపడింది. గుర్రం తనంతట తానే ఒక అడుగు వేసి గడ్డి అందుకుంది.

"చూసినవా మహిమ?" అన్నాడు మాసా.

"చూసిన" అన్నాడు భూషణం, కళ్లు తుడుచుకుంటూ.

దేవుణ్ని మోసిన హిడ్మా తొడలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "మాకేంది మందు, సాహుకారూ?"

"పండుకో. నీళ్లు తాగు. సారా బంద్."

హిడ్మా గుర్రాన్ని జాలిగా చూశాడు. "పాపం, దీనికి గూడ ఇట్లనే చెప్పినవా?"