నాలుగో దిమ్మె కింద తల

ఉమారాణి నాలుగో దిమ్మె ఎక్కి కిందికి చూసింది. నీళ్లలో ఒక తల ఉంది. అప్పుడే ఈత ముగించిన పిల్ల ఎవరో గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. ఇప్పుడు ఆ తల మీదుగా దూకాలి.

వనపర్తి ఈతకొలనులో ఈ పద్ధతి కొత్తది. మొన్నటిదాకా ముందు జట్టు గట్టెక్కాకే తర్వాతి జట్టు దూకేది. ఇప్పుడు పెద్ద పోటీల్లోలాగా ముందువాళ్లు గోడకు అంటుకుని నీళ్లలోనే ఉండిపోతారు, సమయం కలిసొస్తుందని. దిమ్మెలూ కొత్తవే. పాత సిమెంటువి పీకేసి ముందుకు వాలిన పలకలు బిగించారు, వెనక పాదం ఆనించి తన్నడానికి దానిమీదే ఇంకో ఏటవాలు పలక. దాని అడుగున ఒక యంత్రం. దానికి మొహమాటం తెలియదు. బజర్ మోగాక పాదం పలకను వదలడానికి ఎంతసేపు పట్టిందో సెకనులో నూరోవంతు దాకా కొలిచి, ఎదురుగోడ మీది బోర్డులో ఎర్ర అంకెలతో ఊరందరికీ చూపిస్తుంది.

బజర్ మోగింది. అటూ ఇటూ పిల్లలు ఎగిరిపోయారు. ఉమారాణి పాదాలు పలకకు అతుక్కుపోయాయి. ఎలాగో దూకింది. బోర్డు మీద 1.62.

"ఏందమ్మా ఇది?" అన్నాడు కోచ్ ఇస్రాయేలు సారు. "అందరు సున్న పాయింట్ డెబ్బై, ఎనభైల ఉన్నరు. నువ్వు దిమ్మె మీద నిద్రవోతున్నవా?"

"లే సార్."

"మూడే చాన్సులు. పాయింట్ ఎనభై అయిదు లోపల రాకుంటే స్పోర్ట్స్ హాస్టల్ లిస్టుల పేరుండదు. ఈతల నిన్ను మించినోళ్లు లేరు. ఈ ఎగురుడు కాడ ఏమొచ్చింది నీకు?"

ఉమారాణి తలవంచుకుని వెళ్లి మళ్లీ దిమ్మె ఎక్కింది. కింద ఇంకో తల. 1.48 వచ్చింది.

ఉమారాణికి ఈత నేర్పింది అన్న శ్రవణ్ కుమార్. తెలకపల్లిలో, వాళ్ల చేను బావిలో, వీపుకు ప్లాస్టిక్ డబ్బా కట్టి నేర్పాడు. బావికి ఒకటే చట్టం. ముందు దూకినవాళ్ల తల తేలాలి, అప్పుడే తర్వాతివాళ్లు దూకాలి. నాలుగేళ్ల కింద ఒక మధ్యాహ్నం అన్న దూకాడు. తల తేలలేదు. పన్నెండేళ్ల పిల్ల, ఆగి ఆగి తనూ దూకింది. సరిగ్గా అన్న భుజం మీద పడింది. నెలల తరబడి దవాఖానల చుట్టూ తిరిగాక ప్రాణానికి ఢోకా లేదన్నారు గాని, అన్న కుడిచెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు.

"ఇంకింతసేపు ఆగకపోతివా?" అని నాన్న అనంతయ్య ఒక్కసారే అడిగాడు. ఆ తర్వాత ఆమె ముఖంలోకి చూసి మాట్లాడటం మానేశాడు. పాపం ఆ పిల్ల ఆ ఇంట్లో నాలుగేళ్లు ఆ ఒక్క మాట కిందే అన్నం తింది, ఆ మాట కిందే పడుకుంది. హాస్టల్ సీటు ఒక్కటే ఆ ఇంటినుంచి బయటపడే దారి. ఆ దారికి అడ్డంగా నీళ్లలో ఒక తల.

పొద్దున బస్సులో ఆమెను తీసుకొచ్చింది అన్నే. ఇంతసేపూ మెట్లమీద కూర్చుని బోర్డునూ, చెల్లెలి చూపు పడుతున్న చోటునూ చూస్తున్నాడు. లేచి వచ్చి చొక్కా విప్పాడు.

"సార్, ఈసారి ఆ గోడకాడ నేనుంట. దాని అన్నను."

"నీకు ఈతొస్తదా?"

"వస్తుండె."

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, సరేనని తలూపాడు. శ్రవణ్ నాలుగో దిమ్మె కింద నీళ్లలోకి దిగి, ఎడమచేత్తో గోడ పట్టుకున్నాడు.

"అన్నా, బయటికి రా. నీ కాళ్లు మొక్కుత." దిమ్మె మీద ఉమారాణి చేతులు జోడించింది.

"రాను. జర నా మాట ఇను. ఆ దినం నేను మునిగిపోలే. మోటర్ పైపు పట్టుకుని నీళ్ల కింద దాక్కున్న."

"ఎందుకు?"

"నిన్ను బెదిరిద్దామని. నువ్వు పైనుంచి అన్నా అన్నా అని ఒర్రేది ఇనవడ్డది. నవ్వొచ్చింది. యాభై దాక లెక్కవెట్టిన. నువ్వు ఆగినవు చెల్లె, మస్తు ఆగినవు. నేను సచ్చిపోయిననుకుని నా కోసం దూకినవు."

"నాయినకు చెప్పినవా?"

"లే. అందరు నన్ను జూసి ఏడుస్తుంటే నోరు రాలే. దినాలు గడిచినంక ఇంక రానే లేదు."

ఉమారాణికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తన కడుపులో అంత కోపం ఉందని ఆమెకే తెలియదు. సారు పిలుపిచ్చాడు. ఆమె వంగి పలక అంచు పట్టుకుని, వెనక పాదం ఆనించింది. కింద అన్న తల నల్లగా, తడిగా, కదలకుండా ఉంది.

బజర్ మోగింది. ఆ తల మీదుగా ఆమె ఎగిరిపోయింది.

"సున్న పాయింట్ డెబ్బై ఒకటి!" సారు అరిచాడు. "లిస్టుల ఉన్నవు బిడ్డా!"

ఆమె ఆగకుండా ఈది అవతలి గోడ అందుకుంది. వెనక్కి తిరగలేదు.

ఇవతల శ్రవణ్ ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు. ఒంటిచేత్తో తనంత తాను పైకెక్కలేడు. సారు వంగి చెయ్యి అందించాడు.

"వద్దు సార్. మా చెల్లె రానియ్యి."

ఆ మాట అవతలి గోడ దాకా వినిపించింది. ఉమారాణి రాలేదు. గోడకు నుదురు ఆనించి, లోపల్లోపలే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. యాభై దాకా లెక్కపెట్టింది. ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.